మీకు తెలుసా? స్పీకర్ వైరూ షాక్ కొడుతుంది!

యాంప్లిఫయర్‌లో ప్రమాదమంతా ప్లగ్గు దగ్గరే అనుకుంటారు చాలామంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 2000 వాట్లు పంపే ఛానల్ అవుట్‌పుట్‌లో దాదాపు 126 వోల్టులు ఉంటాయి. ఇంటి కరెంటులో సగానికి పైనే! పెద్ద సిస్టమ్‌లలో స్పీకాన్ కనెక్టర్లు వాడేది అందుకే. వాటిలోని లోహపు భాగాలు వేలికి తగలవు, తిప్పితే లాక్ పడుతుంది.

మన మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవు, లావు. సాకెట్‌లో ముందు తగిలేదీ, చివర ఊడేదీ అదే. స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తోందంటే పందిళ్లలో మొదట తెంపేదీ, పాపం, ఆ ఎర్త్ వైరునే. హమ్ తగ్గొచ్చు. కానీ లోపల ఫేజు వైరు బాడీకి తగిలిన రోజు ఫ్యూజు కొట్టేయదు, మైకు పట్టుకున్న మనిషికి కొడుతుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో ‘స్టోన్ ద క్రోస్’ బృందం గిటారిస్టు లెస్ హార్వే సరైన ఎర్తింగ్ లేని మైకు తాకి ప్రాణాలు కోల్పోయాడు. హమ్ పోవాలంటే మిక్సర్‌కూ యాంప్లిఫయర్‌కూ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకుని, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడితే చాలావరకు సరిపోతుంది. ఆ లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయర్ చివర, ఆపేటప్పుడు ముందు. లేదంటే మిక్సర్ స్విచ్చి వేసిన ప్రతిసారీ ‘ఢబ్’ మంటూ స్పీకర్ల మీద దెబ్బ పడుతుంది. నాలుగైదు యాంప్లిఫయర్లుంటే ఒకదాని తర్వాత ఒకటి వేయాలి. కెపాసిటర్లు నిండే తొలి క్షణంలో కరెంటు గుంజుడెక్కువ, ఎంసీబీ పడిపోతుంది.

వాన వస్తోందని నడుస్తున్న యాంప్లిఫయర్ మీద ప్లాస్టిక్ కవరు కప్పేయడం ఇంకో అలవాటు. ఫ్యానుకు గాలాడక సెట్టు వేడెక్కి, సరిగ్గా పాట మధ్యలో మూగబోతుంది.