అమెరికా మద్యనిషేధ పక్షము – దాని మహాసభలు

మన దేశమున ఎన్నికలు సమీపించినప్పుడు అభ్యర్థులను నిర్ణయించునది సామాన్యముగా పక్షనాయకులు, వారి పార్లమెంటరీ బోర్డులు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆచారము వేరు. అచ్చట దేశాధ్యక్ష పదవికి అభ్యర్థిని ప్రకటించుటకై ఒక్కొక్క పక్షము నాలుగేండ్ల కొకమారు మహాసభ జరుపును. ఈ పద్ధతిని కనిపెట్టినవారు డెమోక్రాటులును కారు, రిపబ్లికనులును కారు. 1831 సెప్టెంబరులో బాల్టిమోరు నగరమున మేసను వ్యతిరేక పక్షమను చిన్న పక్షము మొట్టమొదట అట్టి సభను జరిపెను. అదివరకు చిరకాలము శాసనసభలోని పక్షసభ్యులే తమలో తాము కూడి పేరు నిర్ణయించుచుండిరి. ఆ చిన్న పక్షము ఎన్నుకొనిన విలియం వర్టు ఒకప్పుడు తానే మేసనుల సంఘములో చేరినవాడగుట వింత! 1832 ఎన్నికలో ఆయనకు వెర్మాంటు రాష్ట్ర మొక్కటియే దక్కెను. పక్షము త్వరలోనే అంతరించెను. పద్ధతి మాత్రము పెద్ద పక్షములకు సంక్రమించినది.

చిన్న పక్షములలో ఇట్టి సభలను దీర్ఘకాలము విడువక జరుపుచున్నది మద్యనిషేధ పక్షము. ఇది 1869 సెప్టెంబరు 1వ తేదీన చికాగోలో స్థాపితమైనది. స్త్రీలకు ఓటు హక్కు లేని ఆ కాలమున ఈ పక్షము స్త్రీలను పురుషులతో సమానముగా ప్రతినిధులుగా కూర్చుండబెట్టెను. త్రాగుబోతు భర్త యింట అన్నవస్త్రములకు మొగము వాచునది ఇల్లాలే గదా! 1992లో దూబగుంట మొదలు నెల్లూరు మండల స్త్రీలు సారాయి దుకాణములపై తిరుగబడుటను చూచినవారికి ఈ విషయము వివరింప నక్కరలేదు.

1872లో కొలంబసు నగరమున జరిగిన తొలి నామనిర్దేశ మహాసభ జేమ్సు బ్లాకును నిలిపెను. వచ్చిన ఓట్లు అయిదున్నర వేలకు పైచిలుకు. 1880లో మెయిను రాష్ట్రపు నిషేధ శాసనమునకు మూలపురుషుడైన నీల్ డౌ అంతటివానికిని సుమారు పదివేలే లభించెను. పెద్ద పక్షములవారు నవ్విరి.

ఆ నవ్వు 1884లో ఆగిపోయినది. ఆ యేట పిట్స్‌బర్గు మహాసభ, మునుపు కాన్సాసు గవర్నరుగా నుండిన జాన్ సెయింట్ జాన్‌ను ఎన్నుకొనెను. ఆయన రిపబ్లికను పక్షమునుండి వచ్చినవాడు. న్యూయార్కు రాష్ట్రములో ఆయనకు సుమారు 25,000 ఓట్లు వచ్చెను. అచ్చటనే రిపబ్లికను అభ్యర్థి బ్లెయిను రమారమి వేయి ఓట్లతో ఓడిపోయి, దానితో అధ్యక్ష పదవినే పోగొట్టుకొనెను. రిపబ్లికనుల కోపమునకు మేర లేకపోయెను. అనేక పట్టణములలో సెయింట్ జాన్ దిష్టిబొమ్మలను దహించిరి. కాన్సాసులో ఆయన పేర నుండిన జిల్లాకు, బ్లెయినుతో కూడ ఉపాధ్యక్ష పదవికి నిలిచి ఓడిన లోగను పేరు పెట్టిరి! ఓటును చీల్చిన ద్రోహియని ఆయనను నిందించిరి. కాని సారాయి వ్యాపారులకు వెరచి పెద్దపక్షము నోరు మెదపనప్పుడు, ఆ ఓటరులు తమ మనస్సాక్షిని ఎచ్చట దాచుకొనవలెను? ఓటు పక్షముల పిత్రార్జితము కాదు.

1892లో సిన్సినాటి సభ కాలిఫోర్నియా భూస్వామి జాన్ బిడ్వెల్‌ను నిలిపెను. మద్యమునకై పెంచిన తన ద్రాక్షతోటను తానే పెరికివేయించిన మనుష్యుడాయన. చెప్పుట వేరు, శిస్తు వచ్చు భూమిని వదలుకొనుట వేరు. ఆయనకు వచ్చిన సుమారు 2,70,000 ఓట్లను ఆ పక్షము మరల ఎన్నడును మించలేదు.

దానికి కారణము 1896 పిట్స్‌బర్గు సభలో కొంత కనబడును. వెండి నాణెముల ప్రశ్న దేశము నంతటిని ఊపుచుండెను. కొందరు ప్రతినిధులు వెండి నాణెములు, స్త్రీల ఓటు హక్కు మొదలగు సంస్కరణములన్నియు ప్రణాళికలో చేర్పవలెననిరి. తక్కినవారు మద్యనిషేధము తప్ప వేరొండు మాట ఉండరాదనిరి. ఈ రెండు తెగలకు రైలు మార్గములనుబట్టి వెడల్పు పట్టాలవారు, ఇరుకు పట్టాలవారు అని పేర్లు కలిగెను. ఇరుకువారు గెలిచిరి; వెడల్పువారు లేచిపోయి వేరొక అభ్యర్థిని నిలిపిరి. మా యభిప్రాయమున గెలిచినవారిదే పొరపాటు. స్త్రీలను ప్రతినిధులుగా పిలిచిన పక్షము స్త్రీల హక్కును ప్రణాళికనుండి తొలగించుట తన వేళ్లను తానే నరికికొనుట. ఆ యేట వారి ఓట్లు సగమునకు తగ్గినవి.

తుదకు నిషేధము వచ్చినది. ఈ పక్షము ద్వారా కాదు. సెలూను వ్యతిరేక సంఘమువారు రెండు పెద్ద పక్షములలోను తమకు అనుకూలురను గెలిపించుచు, ప్రతికూలురను ఓడించుచు, 1919లో రాజ్యాంగమునకు 18వ సవరణను సాధించిరి. మన సేలములో 1937లోను, చిత్తూరు, కడప మండలములలో 1938లోను నిషేధమును అమలుపరచినదియు అధికారమునకు వచ్చిన పెద్ద పక్షమే. అయినను అర్ధశతాబ్దము ఆ మాటను సభలలో వినిపించినవారు లేకున్న ఆ సంఘమునకు నేల దున్నియుండెడిది కాదు.

కోరిక నెరవేరిన పిదప పక్షమునకు పని లేకపోయినది. 1920లో లింకను నగరమున కూడిన సభ బ్రయనును ఎన్నుకొనగా ఆయన నిరాకరించెను. 1924లో మేరీ బ్రెహం అను స్త్రీని ఉపాధ్యక్ష పదవికి నిలిపిరి. 1933లో సవరణ రద్దైనను పూర్వబలము రాలేదు. 2000 సంవత్సరపు ఎన్నికలో వారి అభ్యర్థి ఎర్ల్ డాడ్జికి వచ్చినవి 208 ఓట్లు. 2004 ఎన్నికకు పక్షము రెండుగా చీలి ఇద్దరు అభ్యర్థులను నిలిపెను. 2016 ఎన్నికకు అభ్యర్థిని టెలిఫోనులో మాటలాడుకొని నిర్ణయించిరి. ఆ యభ్యర్థి జేమ్సు హెడ్జెసుకు వచ్చిన ఓట్లును అయిదున్నర వేలకు పైచిలుకే.