జున్ను కాని జున్ను

ఏడవ తరగతి ఇంగ్లీషు వాచకములో ఒక బొమ్మ ఉన్నది. పరదేశపు పల్లెలో గృహిణి ఒకతె పాలముద్దను గుడ్డలో కట్టి నీరు వడియగట్టుచుండును. క్రింద "చీజు" అని ఉన్నది. దానికి తెలుగేమని పిల్లలడిగిరి. "జున్ను" అని తడుముకొనకుండ చెప్పితిని. వెనుక బల్లనుండి పాడి గల ఇంటి బాలుడొకడు లేచెను.

"కాదేమోనండి. మా గేదె ఈనినప్పుడు మా అమ్మ జున్ను చేస్తుంది. నీళ్లు వడకట్టదండి. అసలు నీళ్లే రావు."

"నిఘంటువులో అట్లే ఉన్నది, కూర్చో" అంటిని. వాడు కూర్చుండెను. నిఘంటువు నా పక్షమున ఉన్నది. గేదె వాని పక్షమున ఉన్నది. నా మనస్సు మాత్రము ఊరకుండలేదు. బొమ్మలో నీరు వడియుచునే ఉన్నది గదా!

నిఘంటుకారుల తప్పు పెద్దదేమియు కాదు. పాలు గడ్డకట్టగా వచ్చిన తినుబండారములలో జున్నే మనకు మిక్కిలి పరిచితము. తెలుగు బైబిలులో దావీదు యుద్ధభూమికి కొనిపోయినవియు జున్నుగడ్డలే. కాని పుస్తకములో తేలని దానిని పొయ్యిమీద తేల్చుకొనదలచితిని.

కొత్తగా పూనుకొనువారు పనీరుతో మొదలిడుట మేలు. లీటరు పాలు చాలును. గేదెపాలకు ముద్ద గట్టిగను, ఆవుపాలకు మెత్తగను వచ్చును. అడుగంటకుండ కలియబెట్టుచు, ఒక పొంగు రానిచ్చి దింపవలెను. రెండు మూడు నిముషములాగి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసమును అంతే నీటిలో కలిపి, కొద్దికొద్దిగా పోయుచు గరిటెను మెల్లగా త్రిప్పవలెను. తెల్లని తునకలు విడివడి, పసుపుపచ్చని తేట కనబడగానే పులుపు పోయుట మానవలెను. తేట ఇంకను పాలవలె తెల్లగా ఉన్నచో మరికొన్ని చుక్కలు కావలెను. పలుచని నూలుగుడ్డలో వడియగట్టి, పులుపు పోవునట్లు చన్నీట కడిగి, మూటకట్టి, అరగంటసేపు బరువు క్రింద నుంచినచో పనీరు సిద్ధము. ఆవుపాలైనచో సుమారు 150 గ్రాములు, గేదెపాలైనచో సుమారు 200 గ్రాములు వచ్చును. చల్లని పెట్టెలో నుంచి, రెండు మూడు దినములలో వాడుకొనవలెను.

తేట తేరిన తరువాత కూడ పులుపు పోయుచు, మరిగించుచు ఉండుట క్రొత్తవారు చేయు తప్పు. నేనును చేసితిని. నా మొదటి ముద్ద పెన్సిలు గీతలు తుడుచు రబ్బరుకు తీసిపోలేదు.

ఇంతకును పాలు విరుగుట ఎట్లు? కేసీన్ అను మాంసకృత్తు పాలలో కంటికి కనబడని రేణువులుగా తేలుచుండును. వానిపై ఋణవిద్యుత్తు ఉండుటచే ఒకదానినొకటి తోసికొనుచు దూరముగా ఉండును. పులుపు చేరిన కొలది ఆ విద్యుత్తు తగ్గును. పి.హెచ్. 4.6 దగ్గర అది పూర్తిగా అణగిపోయి, రేణువులు ఒకదానినొకటి అంటుకొనును. పాలు వేడిగా ఉన్నచో అంత పులుపు కూడ అక్కరలేదు. పెరుగు తోడుకొనుటయు ఇట్టిదే. కాని అక్కడ పులుపును మనము పోయము; తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరనుండి రాత్రియంతయు నెమ్మదిగా పుట్టించును. అందుచే రేణువులు వలవలె అల్లుకొని నీటిని తమలోనే నిలుపుకొనును. వేడిపాలలో తటాలున పడిన పులుపు పాలను విరుచును. కదలని పాలలో నింపాదిగా పుట్టిన పులుపు తోడుకొనజేయును.

తేటను పారబోయరాదు. దానికి ఆ పచ్చదనమిచ్చునది రైబోఫ్లేవిన్, అనగా బి-2 విటమిను. దానితో చపాతీల పిండి కలుపుకొనవచ్చును.

పనీరు కుదిరినది గాని, బొమ్మలోని చీజు ఇంకను తేలలేదు. యూరపు చీజులలో పెక్కింటికి నిమ్మరసము పోయరు, రెన్నెట్ కలుపుదురు. ఇది పూర్వము పాలు త్రాగు దూడ నాలుగవ కడుపునుండి తీయబడెడిది. అందలి కైమోసిన్ అను ఎంజైము కేసీన్ రేణువుల పైనున్న నూగువంటి పొరను కోసివేయును. ఆ పొర పోగానే రేణువులు కలిసికొని, పులుపు లేకయే పాలు గడ్డకట్టును. అత్తిపండు జాతి చెట్ల పాలకును, అశ్వగంధకు దగ్గర చుట్టమైన పనీర్‌బంద్ కాయలకును ఈ గుణమే కలదు. సూక్ష్మజీవులచే చేయించిన కైమోసిన్‌ను 1990లో అమెరికా ప్రభుత్వము ఆహారములో వాడుటకు అనుమతించెను. కావున దూడ ప్రాణము తీయకయే నేడు చీజు చేయవచ్చును.

శాకాహారులకు తగిన రెన్నెట్ తెప్పించి, నెలల తరబడి నిలువయుండు డబ్బాపాలలో కలిపితిని. గంట గడచినను పాలు పాలుగానే ఉన్నవి. ఆ పాలను అతి తీవ్రముగా కాచియుందురు. అపుడు తేటలోని మాంసకృత్తులు కేసీన్‌ను అంటుకొని, రెన్నెట్ పని సాగనీయవు. మరునాడు పాడివారి యింట తాజాపాలు తెచ్చి, 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అరగంట కాచి, 32 డిగ్రీలకు చల్లార్చి, రెన్నెట్‌ను నీటిలో కలిపి పోసి, కదల్చక ఉంచితిని. ముప్పావుగంటకు చాకుతో గీసిన చోట గడ్డ నునుపుగా చీలెను. ముక్కలు కోయగా పచ్చని తేట ఊరెను. గుడ్డలో కట్టి వ్రేలాడదీసి, ఉప్పు కలిపితిని. అది బొమ్మలోని చీజే. కాచని పాలతో మాత్రము ఇట్టి పని చేయరాదు. వానినుండి రోగములు రావచ్చును. మాగబెట్టు చీజుల జోలికి కూడ క్రొత్తవారు పోకుండుట మంచిది. ఇటలీవారి పార్మిజానో రెజ్జానో కనీసము 12 నెలలు మాగవలెను. మన వేసవి వంటయింట అది సాగు పని కాదు.

నీటిని వడియగట్టుటయే చీజునకు ప్రాణము. పోలండులో దొరకిన చిల్లుల మట్టిపాత్రల పెంకులలో పాలకొవ్వు జాడలు కలవని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అవి సుమారు ఏడువేల యేండ్ల నాటి చీజు వడకట్టు పాత్రలని వారు తేల్చిరి. పాలచక్కెరలో చాల భాగము తేటతో పోవును గనుక, పాలు అరగని ఆనాటి జనులకును ఆ ముద్ద అరిగియుండును.

ఇక మిగిలినది జున్ను. రెండు నెలల తరువాత ఆ బాలుడు చెంబుతో జున్నుపాలు తెచ్చి, "దూడ తాగిన తర్వాతే పిండామండి, మా అమ్మ చెప్పమంది" అనెను. ఆ తల్లి మాటలో శాస్త్రమున్నది. దూడకు రోగనిరోధకశక్తి తల్లి గర్భములో అందదు. పుట్టిన కొలది గంటలలో త్రాగు ముర్రుపాలనుండియే అందవలెను. ఆ శక్తినిచ్చు మాంసకృత్తులు ముర్రుపాలలో మెండుగా ఉండి, కోడిగ్రుడ్డులోని తెల్లసొనవలె వేడికే గట్టిపడును. బెల్లము, యాలకులు వేసి ఆవిరిపై ఉడికించితిని. పులుపు లేదు, రెన్నెట్ లేదు. గిన్నె వంచి చూచితిని. వడియగట్టుటకు నీరు లేదు. చీజులో గడ్డకట్టునది కేసీన్. జున్నును నిలుపునది, చీజు చేయునపుడు తేటతో వెడలిపోవు జాతి మాంసకృత్తు.

మరునాడు తరగతిలో "ఆనాడు నేను చెప్పినది తప్పు, వాడు చెప్పినది ఒప్పు" అంటిని. వాడు సిగ్గుపడి తలవంచుకొనెను. పనీరు, చీజు, జున్ను మూడును బల్లమీద పెట్టి పిల్లలకు పంచితిని. అన్నిటికంటె ముందు జున్ను చెల్లిపోయెను.

కొన్నాళ్లకు తరగతి నిఘంటువు తెరచి చూడగా, "చీజు" అను మాట ప్రక్కన ఎవరో పెన్సిలుతో "చూ. గేదె" అని వ్రాసి ఉండిరి. రబ్బరు చేతిలోనే ఉన్నది గాని తుడువలేదు.