చిట్టి ఎముక... గట్టి మూత!

తనకల్లు నుంచి కదిరి వెళ్లే బస్సు. ఇంజిను మోత, జనం గోల. అంత సందడిలోనూ పక్కసీటామె మాటల్ని చక్కగా వింటుంది ఓ ముప్ఫై ఏళ్ల ఇల్లాలు. ఇంటికొచ్చాక మాత్రం కొడుకు గుమ్మంలోంచి ‘అమ్మా’ అని పిలిచినా పలకదు. ‘కావాలనే వినిపించుకోదు’ అని అత్తగారి సణుగుడు. ఇలాంటి ఇల్లాలు ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు. అది నటన కాదు, ‘ఓటోస్క్లిరోసిస్’ లక్షణం కావచ్చు!

కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి... బళ్లో చదువుకున్నవే. శరీరంలోకెల్లా చిన్నదైన కర్ణాంతరాస్థి పొడవు మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. దాని పాదం చుట్టూ ఎముక అతిగా పెరిగితే అది కదలదు. శబ్దం లోపలి చెవికి సరిగా చేరదు. చాలామందిలో ఇది వంశపారంపర్యం. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. చుక్కల మందుతో తగ్గదు.

1956లో అమెరికాలోని మెంఫిస్‌లో డాక్టర్ జాన్ షే ఈ ఎముకను తీసేసి, ఆ ద్వారాన్ని సిర ముక్కతో కప్పి, టెఫ్లాన్ ఎముకను అమర్చారు. ఇప్పుడు ఎక్కువగా ఎముక పాదానికి మిల్లీమీటరులోపు రంధ్రం చేసి, సన్నని పిస్టన్ పెడుతున్నారు.

అసలు కిటుకు మూతలోనే

రంధ్రం అవతల ద్రవం ఉంటుంది. అది కారితే కళ్లు తిరుగుతాయి, వినికిడీ దెబ్బతింటుంది. అందుకే పిస్టన్ చుట్టూ సిర ముక్క, చెవి పైభాగంలోని పల్చని పొర, కొవ్వు, లేదా రోగి రక్తపు చుక్కలతోనే మూసేస్తారు. రంధ్రం చిన్నదైతే ఏ మూత వేసినా వినికిడి ఫలితాల్లో పెద్ద తేడా ఉండదు. ద్వారం పెద్దదైతే మాత్రం శరీరంలోంచి తీసిన పొరే మేలు. ఒకప్పుడు జెలటిన్ స్పాంజి ఒక్కటే పెట్టినచోట ద్రవం కారడం ఎక్కువగా కనిపించింది.

అనుభవజ్ఞుల చేతిలో పదిమందిలో తొమ్మిదిమందికి వినికిడి బాగా మెరుగవుతుంది. నూటికి ఒకరికి ఆ చెవి పూర్తిగా పోయే ప్రమాదమూ ఉంది. అందుకే ముందు ఎక్కువ వినపడని చెవికే చేస్తారు. ఆపరేషన్ వద్దనుకుంటే వినికిడి యంత్రం ఉండనే ఉంది.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు జాగ్రత్త. నీళ్ల బిందెలు, వేరుసెనగ మూటలు ఎత్తొద్దు. ముక్కు గట్టిగా చీదొద్దు. తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి. ఉన్నట్టుండి కళ్లు తిరిగినా, వినికిడి తగ్గినా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

అనంతపురం ప్రభుత్వాసుపత్రి వంటిచోట ఈఎన్‌టీ డాక్టరు చేసే శ్రుతిదండం పరీక్ష, ఆడియోగ్రామ్‌తో లోపం ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది. కాబట్టి అత్తగారూ... సణగడం మాని, కోడల్ని ఓసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి!