ఉప్పు నేలలో పాత జీపు: కొన్న తరువాత తనిఖీ, మరమ్మతు, మార్పుల క్రమం

గౌతమీ గోదావరికి, బంగాళాఖాతానికి మధ్యనున్న కాట్రేనికోన మండలంలో వరి చేలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు పక్కపక్కనే కనిపిస్తాయి. పొలాలకు, చెరువులకు వెళ్ళే దారులు చాలావరకు కాలువ గట్లు, చెరువు గట్లే. వానలు పడితే ఒండ్రుమట్టి గట్లు జారుడుగా మారతాయి. పల్లం, చిర్రయానాం వైపు తీరంలో ఇసుక దిగబడుతుంది. అర్ధరాత్రి వానలో ఏరేటరు మోటారునో, డీజిల్ డబ్బాలనో చెరువు గట్టుకు చేర్చవలసి వచ్చినప్పుడు మోటారు సైకిలు చాలదు, ట్రాక్టరుకు గట్టు వెడల్పు చాలదు. అందువల్ల నాలుగు చక్రాలకూ చోదకశక్తి అందే పాత జీపును తక్కువ ధరకు కొనాలన్న ఆలోచన రైతుకు కలగడం సహజం. అయితే కొన్న వెంటనే పెద్ద టైర్లు, ఎత్తైన కమాన్లు, అదనపు దీపాలపై ఖర్చు చేసి, బ్రేకులను, చాసిస్‌ను తరువాత చూద్దామనుకోవడం ప్రమాదకరం. ఇరువైపులా నీరున్న గట్టుపై బ్రేకు విఫలమైతే తప్పించుకునే చోటు ఉండదు. ఈ ప్రాంతంలో పాత జీపుకు బురద కన్నా ఉప్పు పెద్ద శత్రువు. కాబట్టి ముందు తనిఖీ, తరువాత మరమ్మతు, చివరగా మార్పు అన్న క్రమాన్ని పాటించాలి.

వ్యవసాయంతో జీపు అనుబంధం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941-45 మధ్య, విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా సైనిక జీపులను తయారు చేశాయి. 1945లో విల్లీస్ విడుదల చేసిన సి.జె.-2ఎ నమూనా రైతులను ఉద్దేశించినది. దానికి పనిముట్లను లాగే డ్రాబారు, యంత్రాలను నడిపే పి.టి.ఓ. అమర్చుకునే వీలుండేది. మన దేశంలో మహీంద్రా సంస్థ 1940వ దశకం చివర ముంబైలో విల్లీస్ జీపుల కూర్పును ప్రారంభించింది. సి.జె.-3బి నమూనా దశాబ్దాల పాటు కొనసాగింది. 1980వ దశకంలో వచ్చిన ఎం.ఎం. 540లో ప్యూజో రూపకల్పనకు చెందిన డీజిల్ ఇంజను వాడారు.

ఇన్నేళ్ళుగా దగ్గరి పోలికలున్న నమూనాలు వెలువడినందువల్ల ఒకదాని భాగాలను మరొకదానికి అమర్చడం మెకానిక్‌లకు సులువైంది. విడిభాగాలు దొరకడానికి ఇది అనుకూలమే. కానీ బండిలో ఉన్న ఇంజను, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న ఇంజను ఒకటే అయి ఉంటాయన్న హామీ లేదు.

పత్రాలు, చాసిస్

మొదట చాసిస్, ఇంజను నంబర్లను పత్రంతో సరిచూడాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం వ్యక్తిగత వాహనం రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాల వరకు చెల్లుతుంది. తరువాత ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. కొన్నవారు 30 రోజులలోగా యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయాలి.

తరువాత బండిని స్టాండ్లపై నిలిపి చాసిస్‌ను పరిశీలించాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తడిసిన ఉప్పు బురద చాసిస్ మూలల్లో నిలిస్తే అందులోని క్లోరైడు తుప్పును వేగవంతం చేస్తుంది. కమాన్లు బిగించే బ్రాకెట్లు, అడ్డ కమ్ములు, బాడీ బిగింపుల వద్ద చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి లోహం గణగణమంటుంది, తుప్పు తిన్నది మందంగా పలుకుతుంది. కొత్తగా నల్ల రంగు పూసిన చోట్లను మరింత శ్రద్ధగా చూడాలి. తుప్పును తొలగించకుండా పూసిన పూత తేమను లోపలే బంధిస్తుంది.

బ్రేకులు, స్టీరింగ్

అనేక పాత జీపులలో నాలుగు చక్రాలకూ ఒకే సర్క్యూటు ద్వారా బ్రేకు ద్రవం వెళుతుంది. ఒక్క హోసు పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. పైగా బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 ద్రవం పొడిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరిన తరువాత ఈ ప్రమాణం 140 డిగ్రీలే. అందుచేత పాత ద్రవాన్ని పూర్తిగా తీసివేసి, హోసులు, వీల్ సిలిండర్ల రబ్బర్లు మార్చి, తుప్పు పట్టిన గొట్టాలను తొలగించాలి.

అనేక పాత నమూనాల్లో చేతి బ్రేకు చక్రాలపై కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న డ్రమ్ముపై పనిచేస్తుంది. అక్కడి ఆయిల్ సీలు కారితే లైనింగు నూనెతో తడిసి బ్రేకు పట్టదు. ముందు చక్రాలు ఒక్కసారిగా వణకడం మొదలైతే స్టీరింగ్ డాంపర్ అమర్చడంతో సరిపెట్టకూడదు. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగుల వదులును ముందు సరిచేయాలి.

ఇంజను, ఇంధనం, విద్యుత్తు

డీజిల్ ఇంజను పొగ రంగు కొంత సమాచారమిస్తుంది. నల్ల పొగకు మూసుకుపోయిన ఎయిర్ క్లీనరు లేదా అధిక ఇంధనం కారణం కావచ్చు. నీలి పొగ ఇంజను ఆయిల్ మండుతోందని సూచిస్తుంది. వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే ఇంధనం సరిగా మండడం లేదని గాని, సిలిండరులోకి నీరు చేరుతోందని గాని భావించి కంప్రెషన్ పరీక్ష చేయించాలి. ఇంజను కొద్దిసేపు నడిచి ఆగిపోతుంటే పంపును విప్పడానికి ముందు ట్యాంకు అడుగున నీరు, తుప్పు, ఫిల్టరు, ఇంధన గొట్టాల్లో గాలి చొరబాటును పరిశీలించాలి. రేడియేటరులో కాలువ నీరు గాని చెరువు నీరు గాని పోయరాదు.

విద్యుత్ లోపాలలో అనేకం ఎర్త్ కలయికల వద్దనే మొదలవుతాయి. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతి స్థితిలో సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టులు చూపాలి. స్టార్టరు తిరిగే సమయంలో బ్యాటరీ రుణ ధ్రువానికి, ఇంజను దిమ్మకు మధ్య 0.5 వోల్టు మించి తేడా ఉంటే ఎర్త్ తీగ బిగింపులను శుభ్రపరచాలి. ఈ పరీక్షకు ఒక మల్టీమీటరు చాలు.

నాలుగు చక్రాల చోదనం

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ళ నుంచి కొద్ది ఆయిల్ తీసి చూడాలి. పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్లే. నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుంటుంది. బ్రీదరు మూసుకుపోయి ఉంటే ఆ ఖాళీని పూరించడానికి సీళ్ళ అంచుల గుండా నీరు లోపలికి లాగబడుతుంది. ఆ నీరు ఉప్పుదైతే బేరింగులు త్వరగా పాడవుతాయి.

ఈ జీపులలో ముందు, వెనుక ఇరుసుల మధ్య వేగభేదాన్ని సర్దే డిఫరెన్షియల్ ఉండదు. గట్టి తారు రోడ్డుపై ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడిపితే షాఫ్టులు, గేర్లపై అనవసరమైన ఒత్తిడి పడుతుంది. దానిని బురదకు, ఇసుకకు పరిమితం చేయాలి.

ఉపయోగపడే మార్పులు, నష్టపరిచే మార్పులు

తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే మార్పు ఇరుసుల బ్రీదర్లకు గొట్టాలు కలిపి బాడీ ఎత్తుకు తీసుకెళ్ళడం. ముందు, వెనుక బ్రేకులకు వేర్వేరు సర్క్యూట్లున్న మాస్టర్ సిలిండరును నిపుణుల చేత అమర్చుకోవడం ప్రాణరక్షకమైనది. లాగే కొక్కేన్ని బంపరుకు కాక చాసిస్‌కు బిగించాలి. కమాన్ పట్టీలు కుంగి ఉంటే అసలు ఎత్తుకు తీసుకురావడం వరకే చేయాలి.

ఎత్తు పెంచితే ఏమవుతుందో ఒక లెక్క చూపుతుంది. చక్రాల మధ్య దూరం 123 సెం.మీ., గరిమనాభి ఎత్తు 60 సెం.మీ. అనుకుంటే, స్ప్రింగుల కదలికను లెక్కించకుండా, బండి పక్కకు ఒరిగే హద్దు సుమారు 45.7 డిగ్రీలు. గరిమనాభి 5 సెం.మీ. పెరిగితే అది 43.4 డిగ్రీలకు తగ్గుతుంది. వాస్తవంలో స్ప్రింగులు కుంగడం, మలుపు వేగం, గట్టు అంచు జారడం వల్ల హద్దు ఇంకా చాలా తక్కువ. టైరు వ్యాసం 10 శాతం పెరిగితే స్పీడోమీటరు 40 చూపినప్పుడు అసలు వేగం 44 కిలోమీటర్లు ఉంటుంది. చక్రం వద్ద లాగే బలం సుమారు 9 శాతం తగ్గుతుంది. వెడల్పు టైరు ఇసుకలో తేలికగా సాగుతుంది. పైపొర మాత్రమే మెత్తబడి కింద గట్టి నేల ఉన్న గట్టుపై మాత్రం సన్నని టైరే బురదను కోసుకుని పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఇసుకలో గాలి ఒత్తిడిని మూడో వంతు వరకు తగ్గించి నెమ్మదిగా నడిపి, రోడ్డెక్కే ముందు తిరిగి నింపుకోవాలి.

సైనిక జీపు పావు టన్ను తరగతికి చెందినది. 25 కిలోల మేత బస్తాలు పది వేస్తే ఆ పరిమితి నిండినట్లే.

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఇంజను మార్పుకు రవాణా శాఖ ముందస్తు అనుమతి తీసుకోవాలి. బంపరు ముందు అదనపు ఇనుప రక్షణ కమ్ములను కేంద్ర రవాణా శాఖ 2017లోనే అనధికారికమని తెలిపింది.

కడగడమే అసలు నిర్వహణ

ఉప్పు బురదలో తిరిగిన రోజే బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడగాలి. రొయ్యల చెరువు నీటితో కడిగితే ఉప్పును తొలగించినట్లు కాదు, మరో పొర పూసినట్లే. చాసిస్ నీటి రంధ్రాలను తెరిచి, ఆరిన తరువాత గ్రీజు నిపుల్స్‌కు కొత్త గ్రీజు ఎక్కిస్తే లోపల చేరిన నీరు బయటకు వస్తుంది. లోతైన నీటిని దాటిన తరువాత కొంతదూరం బ్రేకును తేలికగా నొక్కుతూ నడిపి డ్రమ్ములను ఆరబెట్టాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు యంత్రాల నిర్వహణపై రైతులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ట్రాక్టరు, పవర్ టిల్లరులతో పాటు ఇటువంటి పాత వాహనాలను కూడా చేర్చడం అవసరం. విద్యార్థులు పై తనిఖీలను ఒక వరుస పట్టికగా రూపొందించి గ్రామంలో ఒక బండిపై ప్రత్యక్షంగా చూపవచ్చు. 1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడిన తుపానును కోనసీమ తీరం మరచిపోలేదు. అటువంటి రాత్రి కుటుంబాన్ని గట్టు దాటించవలసి వస్తే, బండి ఎంత ఎత్తుగా ఉన్నదన్నది ప్రశ్న కాదు. మొదటి తాళానికే స్టార్టు కావాలి, తొక్కిన వెంటనే ఆగాలి. రైతు తన పరిమిత ధనాన్ని ముందుగా ఈ రెండింటిపైనే వెచ్చించాలి.