ఎమ్మెస్సీ మ్యాథ్స్: ఏం చదువుతారు? మన సాయం ఎప్పుడు అందాలి?

చదువుకు సాయం చేయాలనుకునే దాతలకు ముందుగా గుర్తొచ్చేవి మెడిసిన్, ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్. ఆ కోర్సులు పూర్తయితే ఏం ఉద్యోగం వస్తుందో అందరికీ తెలుసు. బీఎస్సీలో లెక్కలు బాగా వచ్చిన అమ్మాయి "ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తాను" అంటే మాత్రం "చదివి ఏం చేస్తావు, లెక్కల టీచరే కదా" అని ఇంట్లోవాళ్లే అంటారు. ఆ చదువు ఏమిటో, అందులో ఎక్కడ డబ్బు అవసరమవుతుందో దాతలకు వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఏయే కోర్సులున్నాయి?

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1974లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గణితానికి, స్టాటిస్టిక్స్‌కు కలిపి ఒక ప్రత్యేక స్కూల్ ఉంది. డిగ్రీ అయినవారికి అక్కడ ఎమ్మెస్సీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. మ్యాథమెటిక్స్, అప్లైడ్ మ్యాథమెటిక్స్, స్టాటిస్టిక్స్–ఆపరేషన్స్ రీసెర్చ్ అని శాఖలున్నాయి. ఇంటర్ తర్వాత నేరుగా చేరేవారికి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది. ఆపైన పీహెచ్‌డీ. ఎమ్మెస్సీ సీట్లు సీయూఈటీ–పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ఇస్తారు.

ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతిలలో ఎమ్మెస్సీ చేయాలంటే 'జామ్' పరీక్ష రాయాలి. ఉస్మానియా వంటి తెలంగాణ విశ్వవిద్యాలయాలకు సీపీజీఈటీ, ఆంధ్రప్రదేశ్‌లోని వాటికి ఏపీ పీజీసెట్ ఉన్నాయి. ఉర్దూ మీడియంలో చదివినవారికి గచ్చిబౌలిలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది.

డిగ్రీ లెక్కలకూ దీనికీ తేడా

ఇంటర్‌లో, డిగ్రీలో సూత్రం గుర్తుంచుకుని లెక్క చేస్తే చాలావరకు మార్కులు వస్తాయి. ఎమ్మెస్సీలో ఆ సూత్రం ఎందుకు నిజమో నిరూపించాలి. చిన్న ఉదాహరణ చూడండి. 2, 3, 5, 7, 11 ప్రధాన సంఖ్యలు. ఇవి ఎక్కడైనా ఆగిపోతాయా? ఆగిపోతాయనే అనుకుందాం. ఉన్నవన్నీ ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి కలుపుదాం. వచ్చిన సంఖ్యను మన జాబితాలోని ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా ఒకటి మిగులుతుంది. అంటే దాన్ని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య మన జాబితాలో లేదన్నమాట. కాబట్టి జాబితా ఎప్పటికీ పూర్తికాదు. రెండు వేల ఏళ్లకు పైగా పాతదైన ఈ నిరూపణ యూక్లిడ్ గ్రంథంలో ఉంది.

రియల్ ఎనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ, కాంప్లెక్స్ ఎనాలిసిస్ వంటి పేపర్లన్నీ ఈ పద్ధతిలోనే సాగుతాయి. డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నవారు కూడా మొదటి సెమిస్టర్‌లో తడబడతారు. తెలుగు, ఉర్దూ మీడియంల నుంచి వచ్చినవారికి ఇంగ్లీషు కూడా తోడవుతుంది. ఈ అలవాటు ముందే చేయించేందుకు డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం ఎంటీటీఎస్ అనే వేసవి శిక్షణ 1993 నుంచి నడుస్తోంది. దాని గురించి తెలియక ఎందరో దరఖాస్తే చేయరు.

చదివాక ఏం దారులు?

ఎమ్మెస్సీతో జూనియర్ లెక్చరర్ పోస్టుకు పోటీపడవచ్చు. 55 శాతం మార్కులతో పాటు నెట్ గానీ రాష్ట్ర సెట్ గానీ పాసైతే డిగ్రీ కాలేజీ అధ్యాపకులు కావచ్చు. స్టాటిస్టిక్స్, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తోడైతే బ్యాంకులు, బీమా, డేటా సైన్స్ రంగాల్లో అవకాశాలున్నాయి.

పరిశోధన వైపు వెళ్లేవారికి సీఎస్ఐఆర్–నెట్‌లో జేఆర్ఎఫ్ కీలకం. 2023 జనవరి నుంచి దీని కింద మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో అయ్యాక 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం అదనం. అంటే జేఆర్ఎఫ్ వచ్చిన విద్యార్థికి మన సాయం అక్కర్లేదు. అతనే ఇంటికి డబ్బు పంపగలడు. మైనారిటీ పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022–23 నుంచి ఆపేసింది. అందువల్ల మన పిల్లలకు జేఆర్ఎఫ్ మరింత ముఖ్యమైంది.

డబ్బు ఎక్కడ అవసరం?

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ఫీజు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటొస్తే ఎదురు స్టైపెండ్ ఇస్తారు. మరి పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు? డిగ్రీ కాగానే ఇంటికి సంపాదన కావాలి. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆ తర్వాత నెట్‌కు చదివే కొన్ని నెలలు ఇంటికి జీతం రాదు. హాస్టల్, మెస్ బిల్లు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు మాత్రం కట్టాలి. అమ్మాయిల విషయంలో ఆ విరామంలోనే పెళ్లి మాట వస్తుంది. ఒకసారి ఆగిన చదువు మళ్లీ మొదలవడం కష్టం.

కాబట్టి దాతలకు మా మనవి ఇది. ఫీజు రసీదు చూపిస్తేనే సాయం అన్న పద్ధతి ఈ చదువుకు సరిపోదు. డిగ్రీ చివరి ఏడాదిలో ప్రవేశ పరీక్షల ఫీజులకు, రానుపోను ఖర్చులకు కొంత. ఎమ్మెస్సీలో నెలనెలా మెస్ బిల్లుకు కొంత. చివర్లో నెట్ తయారీకి ఆరు నెలల ఆసరా కావాలి. జామ్ దరఖాస్తులు సెప్టెంబర్‌లోనే మొదలవుతాయి కనుక రంజాన్ నెల కోసం, జూన్ కోసం ఆగకుండా సాయం అప్పటికే చేతిలో ఉండాలి.

డబ్బు లేకుండా చేయగల సాయమూ ఉంది. కేంద్ర సంస్థల్లో రాష్ట్ర బీసీ–ఇ సర్టిఫికెట్ సరిపోదు. తమ వర్గం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటే ఆ నమూనాలో వేరే సర్టిఫికెట్ తీసుకోవాలి. మీలో ఉద్యోగులు, న్యాయవాదులు ఒక పూట కూర్చుని ఈ కాగితాలు చూసిపెడితే ఒక సీటు నిలుస్తుంది.

సర్ రాస్ మసూద్ నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖను నడిపి, తర్వాత అలీగఢ్ వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1930లో ఆయన 23 ఏళ్ల ఆంద్రే వీల్‌ను ఫ్రాన్స్ నుంచి పిలిపించి గణిత ప్రొఫెసర్‌ను చేశారు. ఆ యువకుడు తర్వాత ప్రపంచ ప్రఖ్యాత గణితవేత్త అయ్యాడు. ప్రతిభను పేరు రాకముందే గుర్తుపట్టడం మన విద్యాసంస్థలకు కొత్త కాదు. మీ పరిచయంలో బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్న లెక్కల విద్యార్థి ఎవరైనా ఉంటే ఈ వ్యాసం చూపించి, మా దగ్గరికి పంపండి.