జకార్తాలో కీచకుడు

చలనచిత్రోత్సవ మనగా మన ప్రాంతమున శతదినోత్సవ మనియే జనులు తలంతురు. నాయకుని పటమునకు పూలమాలలు, క్షీరాభిషేకము, టపాకాయలు, ఊరేగింపు. ఏలూరులో నేమి, తాడేపల్లిగూడెములో నేమి, చిత్రమును జూచుటకంటె అది యాడిన దినములను లెక్కించుటయందే మక్కువ హెచ్చు. నానాదేశముల చిత్రములను ఒకచోట జేర్చి, ఒకరి బ్రతుకును మఱియొకరు చూచుకొనుటకై జరుపు నుత్సవము వేఱు. అట్టి యొక యుత్సవములో మన ప్రాంతమునకును పాలు గలదను సంగతి మనవారికే జ్ఞప్తి లేదు.

1955లో బాండుంగు నగరమున ఆసియా, ఆఫ్రికా రాజ్యముల ప్రతినిధులు సమావేశమైన పిమ్మట, ఆ రెండు ఖండముల చిత్రములకు ప్రత్యేకముగా నుత్సవములు వెలసెను. 1958లో తాష్కెంటునను, 1960లో కైరోనగరమునను, 1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలోను నవి జరిగెను. భాష యొకటి గాదు, మత మొకటి గాదు, ఆహార మొకటి గాదు. జకార్తా యుత్సవమునకు మన 'నర్తనశాల' వెళ్లెను. 1963లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వెలువడిన యీ చిత్రమున కీచకపాత్ర ధరించిన యస్.వి. రంగారావుగారికి అచ్చట ఉత్తమనటుని బహుమానము లభించెను. వారు 1918 జూలై 3వ తేదీని నూజివీటిలో జన్మించిరి; ఆ నూజివీడు 2022 నుండి ఏలూరు జిల్లాలోనిదే. అదే చిత్రమున ఉత్తరకుమారుడై ప్రగల్భములు పలికి జనులను నవ్వించిన రేలంగి వేంకటరామయ్యగారు తాడేపల్లిగూడెమున చిత్రమందిరమును గట్టించి, 1975లో ఆ యూరనే కన్నుమూసిరి.

ఇంతకును జావావారికి కీచకుడు క్రొత్తవాడు గాడు. క్రీ.శ. 996లోనే, ధర్మవంశరాజు కాలమున, విరాటపర్వము ప్రాచీన జావాభాషలో గద్యముగా వెలసినది. మన తిక్కన సోమయాజి విరాటపర్వముతో భారతరచన కుపక్రమించుట అంతకు రెండువందల యేండ్లకు పైబడిన తరువాతి మాట. మహమ్మదీయులే యధికసంఖ్యాకులైన ఆ దేశమున నేటికిని తోలుబొమ్మలపై పాండవుల కథ నడచుచునే యున్నది. వానలు కురియనప్పుడు విరాటపర్వమును పారాయణము చేయించు మన రైతులకు, సముద్రమున కావల నదే పర్వమును తమదిగా భావించు జనులు గలరని యెవరైన జెప్పిరా? చెప్పుటకు చిత్రోత్సవమువంటి సాధనము మఱియొకటి లేదు.

ఆ యుత్సవము రాజకీయములకు దూరముగా నుండెనని మేము చెప్పము. అది ముగిసిన వెంటనే, 1964 మే నెలలో, ఇండోనేషియాలో అమెరికా చిత్రముల బహిష్కారోద్యమము బయలుదేరెను. 1965లో ఆ దేశమే రక్తపాతమున మునిగెను. 1968లో గాని తాష్కెంటున మరల నుత్సవము సాగలేదు. పరుల చిత్రమును వెడలగొట్టిన మాత్రమున మన చిత్రము మెఱుగగునని మేము నమ్మము. రెంటిని ప్రక్కప్రక్కన జూచిననే గదా మంచిచెడ్డలు తెలియుట!

1952లో బొంబాయిలో నారంభమైన భారతదేశపు టంతర్జాతీయోత్సవము 1986లో హైదరాబాదునకు వచ్చెను. 2004 నుండి గోవాలో నిలిచినది. మలయాళులు 1996 నుండి తమ యుత్సవమును తామే జరుపుకొనుచున్నారు. మంచిదే. కాని కొల్లేటి లంకగ్రామముల చేపలవారు గోవా కెట్లు పోగలరు? జనము చేరుచోటికి చిత్రమే రావలెను. ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకు రెండు డెల్టాల జనమును వత్తురు. హరికథలకు, నాటకములకు చందాలిచ్చుట మన భూస్వాములకు క్రొత్త గాదు. ధాన్యము సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట నూజివీట నొకరాత్రి, తాడేపల్లిగూడెమున నొకరాత్రి, కొల్లేటిగట్టున కైకలూరులో నొకరాత్రి తెఱ గట్టించుట వారికి భారమా? ఏలూరు పురప్రముఖులు పూనుకొన్న చాలును.

తొలిరాత్రి 'నర్తనశాల'యు, దానివెంట నొక జావాచిత్రమును జూపవచ్చును. భాష తెలియదందురేమో! మూకీచిత్రముల కాలమున తెఱప్రక్క నిలిచి కథ జెప్పువా రుండెడివారు. అట్టి వ్యాఖ్యాత నొకనిని, కంఠము గలవానిని, ఇప్పటినుండియే వెదకవలెను.