రౌటర్ మారినా కంప్యూటర్‌కు తెలియదు

“ఆఫీసులో రెండు రౌటర్లున్నాయి. ఒకటి ఆగిపోతే రెండోది అందుకుంటుందట. మా కంప్యూటర్లన్నిట్లోనూ గేట్‌వే అడ్రస్ ఒక్కటే. రౌటర్ మారిందని వాటికెవరు చెబుతారు?” అని ఒక పాఠకుడు అడిగారు. ఎవరూ చెప్పరు! అందమంతా అక్కడే ఉంది.

పరిచయాలు త్వరగా కానిచ్చేద్దాం. ఆఫీసు నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే దారి గేట్‌వే. ఆ పని రౌటరో, రౌటింగ్ తెలిసిన లేయర్-3 స్విచ్చో చేస్తుంది. దానికి ఒక తోడును సిద్ధంగా ఉంచే పద్ధతుల్లో ముఖ్యమైనవి మూడు: సిస్కో సొంతమైన హెచ్‌ఎస్‌ఆర్‌పీ, ఏ కంపెనీ పరికరమైనా వాడుకోగల వీఆర్‌ఆర్‌పీ, మళ్లీ సిస్కోదే అయిన జీఎల్‌బీపీ.

రెండు రౌటర్లూ కలిసి ఒక ఉమ్మడి ఐపీ అడ్రస్ పెట్టుకుంటాయని చాలా పుస్తకాలు చెప్పి ఊరుకుంటాయి. అది సగం కథే. కంప్యూటర్ ప్యాకెట్ పంపాలంటే ఐపీ చాలదు, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) కావాలి. ఈ ఐపీ ఎవరిదని ఏఆర్‌పీ అనే సందేశంతో ఒకసారి అడిగి, వచ్చిన మ్యాక్‌ను గుర్తుపెట్టుకుంటుంది. రౌటర్‌తో పాటు మ్యాక్ కూడా మారితే కంప్యూటర్లన్నీ పాత మ్యాక్‌నే పట్టుకుని వేలాడతాయి. అందుకని మ్యాక్‌ను కూడా ఉమ్మడి చేశారు. వీఆర్‌ఆర్‌పీలో అది 00-00-5ఈ-00-01తో మొదలవుతుంది, చివర ఆ రౌటర్ల గ్రూపు నంబరు. పదో గ్రూపయితే హెక్సాడెసిమల్‌లో 0ఏ. దుకాణంలో కూర్చునే మనిషి మారినా బోర్డు మారనట్టే.

ఇక స్విచ్ సంగతి. ఏ మ్యాక్ ఏ పోర్టు వైపు ఉందో స్విచ్ ఒక పట్టీ రాసుకుంటుంది. ఎవరినీ అడగదు, వచ్చిన ఫ్రేములో పంపినవారి మ్యాక్ చూసి రాసుకుంటుంది. మొదటి రౌటర్ ఆగగానే రెండోది ఆ ఉమ్మడి మ్యాక్‌తోనే ఒక ఏఆర్‌పీ సందేశాన్ని అందరికీ పంపుతుంది. ఎవరూ అడగకుండానే! అది కంప్యూటర్ల కోసమని చాలామంది అనుకుంటారు. కంప్యూటర్లకు అందులో కొత్త విషయమేమీ లేదు. దాన్ని చూసి పట్టీ దిద్దుకునేది స్విచ్: నిన్నటిదాకా 1వ పోర్టు, ఇప్పుడు 24వది. ఈ దిద్దుబాటే లేకపోతే, లింకు బతికుండి రౌటర్ మాత్రమే మొరాయించిన సందర్భాల్లో, స్విచ్ చచ్చిన రౌటర్ వైపే ప్యాకెట్లు తోస్తూ ఉండేది.

రెండో రౌటర్‌కు సమయం ఎలా తెలుస్తుంది? వీఆర్‌ఆర్‌పీ మామూలు అమరికలో మొదటిది సెకనుకోసారి “ఉన్నాను” అంటుంది. మూడు సెకన్లు, పైన కాస్త కొసరు గడిచినా పిలుపు రాకపోతే రెండోది లేస్తుంది. ఆ కొసరే నాకు ముచ్చట: 256లోంచి ఆ రౌటర్ ప్రాధాన్యతా సంఖ్యను తీసేసి 256తో భాగిస్తారు. ప్రాధాన్యత 100 అయితే నిరీక్షణ 3.61 సెకన్లు, 200 అయితే 3.22. తోడు రౌటర్లు ఒకటికి మించి ఉంటే, పెద్ద సంఖ్య ఉన్నది ముందు మేల్కొంటుంది. ఓటింగ్ లేదు, వాదన లేదు. హెచ్‌ఎస్‌ఆర్‌పీ మామూలు అమరికలో 3 సెకన్లకోసారి పలికి, 10 సెకన్లు ఆగుతుంది. బద్ధకమే అంటాను.

ఈ పద్ధతుల చరిత్రలో పొరపాట్లూ ఉన్నాయి. వీఆర్‌ఆర్‌పీ తన పేటెంటు కిందికి వస్తుందని సిస్కో అనడంతో, ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు పౌరుషంగా కార్ప్ అనే సొంత పద్ధతి రాసుకుని 2004లో విడుదల చేశారు. పౌరుషం బాగుంది, కానీ వీఆర్‌ఆర్‌పీకి ఇచ్చిన ప్రోటోకాల్ నంబరు 112నే, అదే మ్యాక్ మొదలునే వాడేశారు. ఒకే నెట్‌వర్క్‌లో రెండింటికీ ఒకే గ్రూపు నంబరు పడితే స్విచ్ పట్టీ అటూ ఇటూ ఊగుతుంది. 1998 నాటి వీఆర్‌ఆర్‌పీలో పాస్‌వర్డ్ ఏర్పాటు ఉండేది. దానివల్ల నిజమైన భద్రత లేదని 2004లో తీసేశారు.

జీఎల్‌బీపీ తలకిందుల తెలివి: ఐపీ ఒకటే, మ్యాక్‌లు నాలుగు దాకా. అడిగిన కంప్యూటర్‌కల్లా వేరే మ్యాక్ చెప్పి బరువు పంచుతుంది. కానీ సిస్కో గడప దాటదు.

రెండు కంపెనీల పరికరాలు కలిసి ఉన్నచోట వీఆర్‌ఆర్‌పీయే పెట్టండి. పెట్టాక ఒకసారి మొదటి రౌటర్ కరెంటు తీసి చూడండి. రెండింటినీ ఒకే యూపీఎస్‌కు తగిలించి ఉంటే ముందు అది మార్చండి.